నాలుగో పాదం జనానిది

ఈ మధ్య టీవీకి బొమ్మల కామెడీలు రాసే ఇద్దరు, ఒక అమ్మాయీ ఒక అబ్బాయీ, నన్ను వెతుక్కుంటూ మదనపల్లె వచ్చారు. ఇప్పుడు బొమ్మల్ని కంప్యూటర్లోనే కదిలిస్తారట. వాళ్ళ సందేహం ఒక్కటే. "పాత కావ్యాలు, పురాణాలు కామెడీలో ఎంతవరకు వాడొచ్చు సార్? చూసేవాళ్ళకు అవి తెలియకపోతే ఎలా?" కాఫీ చల్లారేలోపల చెప్పగలిగినంత చెప్పాను. నేను మొదలుపెడితే ఆపనని ఇంట్లో నాకు పేరుంది. పాపం, వాళ్ళు రెండు బస్సులు వదులుకున్నారు. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. వచ్చినవే రెండు, అందులో ఒకటి పొరపాటున వచ్చింది.

డెబ్బైల మొదట్లో తెలుగు ఎమ్మే పట్టా చేతబట్టుకుని ప్రభుత్వ ప్రచార శాఖలో స్క్రిప్టులు రాసే పనిలో చేరాను. ఆఫీసు మదనపల్లెలో. తిరుగుడంతా పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో. ఒక జీపు, ఒక ప్రొజెక్టరు, ఒక తెల్ల గుడ్డ. జీపు నడిపేదీ ప్రొజెక్టరు తిప్పేదీ మస్తాన్ సాబే. మలేరియా, టీకాలు, మంచి విత్తనాలు, ఇలాంటి వాటి మీద సినిమా వేసే ముందు అరగంట తోలుబొమ్మల హాస్యం ఆడించేవాళ్ళం. జనం వచ్చేది దానికోసమే. మా మలేరియా కోసం ఎవరొస్తారు?

ఆ ఆట ఆడించేది పుంగనూరు పక్క పల్లెలో ఉండే హనుమంతప్ప. అతని పెట్టెలో నూరుకు తక్కువ కాకుండా బొమ్మలుండేవి, తండ్రి నాటివి. అందులో నవ్వించేవి రెండు: బుడ్డన్న, అతని పెండ్లాం తిప్పక్క. బొమ్మలాడించేది హనుమంతప్ప. గొంతులు మాత్రం అతని భార్య రంగమ్మవి. బుడ్డన్న మగబొమ్మే అయినా అతని గొంతూ ఆమెదే. తెర వెనక కూర్చుని, కాలి కింద చెక్కపలకను టకటకలాడిస్తూ రెండు గొంతుల్లో పోట్లాడుకునేది.

నేను దిద్దిన తప్పులు

నా మొదటి పని వాళ్ళ హాస్యాన్ని కాగితం మీద పెట్టడం. మలేరియా మాటలు ఎక్కడ ఇరికించాలో ఆఫీసు చూడాలి కదా. రంగమ్మ చెప్పుకుంటూ పోయింది, నేను రాసుకుంటూ పోయాను. రాస్తూ రాస్తూ గమనించిందేమంటే, బుడ్డన్న నోట వచ్చే ప్రతి పద్యంలోనూ నాలుగో పాదం తప్పు. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న రాజు ఏడుపునే తీసుకోండి. ఏనుగులు పోయాయంటాడు, గుర్రాలు పోయాయంటాడు, తమ్ముళ్ళూ పోయారంటాడు. చివర భార్య పేరు రావలసిన చోట బుడ్డన్న "మా ఇంటి మేకా పాయెనే" అంటాడు. చదువు రానివాళ్ళు, తరాల మీద పాఠం చెడిపోయింది, అయ్యో అనుకున్నాను. గ్రంథాలు ముందు వేసుకుని పదిహేను చోట్ల దిద్దాను. దిద్దినంతసేపూ నాకు చెప్పలేనంత సంతోషం. వాళ్ళకు చదివి వినిపిస్తే హనుమంతప్ప "సారు సెప్పినట్లే" అన్నాడు. రంగమ్మ నా వంక ఒకసారి చూసి, తాంబూలం నములుకుంటూ ఊరుకుంది.

పుంగనూరు సంత మైదానంలో, పొద్దు వాలగానే ఆట. బుడ్డన్న వచ్చాడు, మూడు పాదాలు చెప్పాడు. ముందు వరసల్లో జనం ఊపిరి బిగబట్టి నోళ్ళు తెరిచారు. బుడ్డన్న నాలుగో పాదం కూడా సరిగ్గా చెప్పేశాడు. తెరిచిన నోళ్ళు అలాగే మూసుకున్నాయి. ఇట్లా నాలుగైదు పద్యాలయ్యాక ఒక ముసలామె లేచి నిలబడి తెర వైపు కేక వేసింది.

"ఏమప్పా, బుడ్డన్నకు ఒళ్ళు బాగలేదా?"

ఆ రోజు వచ్చిన నవ్వు అదొక్కటే. మలేరియా సినిమా మొదలయ్యేసరికి మైదానంలో సగం ఖాళీ. మస్తాన్ సాబ్ రీలు చుడుతూ, "సార్, ఈరోజు దోమలు గూడా రాలేదు" అన్నాడు.

మర్నాడు నేను హనుమంతప్ప ఇంటికి పోయి అడిగాను. రంగమ్మ అప్పుడు నోరు విప్పింది.

"బుడ్డన్న తప్పు సెప్పల్ల సారూ. ముందర కూసున్నోళ్ళు దిద్దల్ల. మూడు పాదాలు మావి, నాలుగోది జనానిది. దిద్దినోళ్ళకు ఆటైనాక మేము ఆకువక్క ఇస్తాము. మా అత్త కాలం నుంచీ ఇదే పద్దతి. మీరు నాలుగోది గూడా మాకే ఇచ్చేస్తిరి. ఇంగ వాళ్ళేం సేస్తారు ఆడ కూసోని?"

"మరి నేను చదివి వినిపించినప్పుడే చెప్పలేదేమమ్మా?"

"పుస్తకాలు సూసి రాస్తాంటిరి. మీ సంతోసం యాల సెడగొట్టల్లని."

నా దిద్దుబాట్లన్నీ ఆ రోజే కొట్టేశాను. ఆ ప్రాంతంలో బుడ్డన్నను దిద్దిన ఇల్లు మాదని చెప్పుకునేవాళ్ళు ఉండేవారని తర్వాత తెలిసింది. అక్షరం రాని ముసలివాళ్ళు కూడా పద్యాలు కంఠతా పట్టుకుని వచ్చేవాళ్ళు, ఆ ఆకువక్క కోసం. ఆట బృందంలోని వాళ్ళు మాత్రం సరైన నాలుగో పాదం పలకకూడదు. తెర వెనక ఎంతసేపైనా ఆగాల్సిందే. మీరు కామెడీలో పాత సాహిత్యం వాడితే మీ చదువు చూపించడానికి వాడకండి. చూసేవాడి చదువు బయటికి రావడానికి వాడండి. నేనిది తెలుసుకోవడానికి ఒక ఆట పాడుచేశాను.

ఆరు నెలల నిద్ర

మా పై అధికారి వరదరాజులు గారు. చిత్తూరు నుంచి చెప్పకుండా వచ్చి దిగే మనిషి. ఫైళ్ళంటే విసుగు, మాట కరుకు. ఒకసారి ఆయన పుంగనూరు దగ్గర ఆటకు వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఊరికి దోమల మందు కొట్టేవాళ్ళు రాక చాలాకాలమైంది. ఆ సంగతి స్క్రిప్టులో లేదు. రంగమ్మ తనంతట తాను ఎత్తుకుంది.

తిప్పక్క అడిగింది: "మన వీదికి మందు కొట్టేదానికి యాల రాలేదు?"

బుడ్డన్న అన్నాడు: "పురాణంలో ఒగ రాక్షసుడు ఆర్నెల్లు పండుకోని ఒగ దినం లేస్తాడు గదమ్మే. మందు కొట్టే ఆపీసోళ్ళదీ అదే వంశం. కాకపోతే ఆ రాక్షసుడు మంచోడు, ఆ ఒగ దినమన్నా లేస్తాడు."

జనం విరగబడి నవ్వారు. నేను కుర్చీలో ముడుచుకుపోయాను. ఆట అయ్యాక వరదరాజులు గారు పిలిచి, "రాసింది నువ్వేనా?" అన్నాడు. "లేదు సార్, వాళ్ళే కల్పించుకున్నారు" అన్నాను. అది నిజమే. కానీ నేను చెప్పింది నిజం కోసం కాదు, నా తల తప్పించుకోవడానికి. రంగమ్మ పక్కనే నిలబడి వింటోంది.

ఆయన నన్ను పైనించి కిందికి చూశాడు. "అయితే ఆమెకున్న ధైర్యం నీకు లేదన్నమాట" అని జీపెక్కాడు. ఆ వారం లోపలే ఆ ఊరికి మందు బండి వచ్చింది.

ఆయన మంచి అధికారి అని నేను అనను. సెలవు అడిగితే శత్రువును చూసినట్టు చూసేవాడు. కానీ ఎగతాళిని మింగగలిగిన మనిషి. రంగమ్మ నేరుగా ఆఫీసును తిట్టి ఉంటే ఆయన ఊరుకోలేకపోయేవాడు. తిట్టింది రాక్షసుణ్ణి కాబట్టి అందరితోపాటు ఆయనా నవ్వడానికి వీలైంది. పాత కథ మనకు గొడుగు మాదిరి. అవతలివాడికి కూడా అందులో కాస్త చోటు ఉంటుంది. ఆ రోజు ఆమె మీదికి తోసేసిన మాట మాత్రం చాలా ఏళ్ళు నన్ను గుచ్చుతూనే ఉండింది. రంగమ్మ ఎప్పుడూ ఎత్తి చూపలేదు. చూపి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

కుప్పంలో మేఘం

కుప్పం జనానికి ఇటు తెలుగు, అటు అరవం, మరోపక్క కన్నడం. కరువు సంవత్సరం ఒకటి వచ్చింది. చెరువుల పూడిక మీద హాస్యం కావాలన్నారు. నాకు మేఘంతో కబురు పంపిన విరహి కథ గుర్తొచ్చింది. ఎమ్మేలో చదివిన కావ్యం, ఎక్కడో ఒక చోట వాడుకోవాలని ఉండేది. కానీ అది కుప్పంలో ఎవరికి తెలుసు? అందుకని ముందు పది నిమిషాలు కథ వివరించమని హనుమంతప్పకు రాసిచ్చాను. అతను చెప్తున్నంతసేపూ జనం లేచి వేరుసెనక్కాయల బండి దగ్గరికి పోయారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, లోపం కుప్పం వాళ్ళదే అని జీపులో వాదించాను.

"సార్, మీరు కథ చెప్పినారు. ఆట యాడ చెప్పినారు?" అన్నాడు మస్తాన్ సాబ్.

రెండో ఊళ్ళో రంగమ్మ ఆ పది నిమిషాలూ ఎత్తేసింది. బుడ్డన్న బెంగళూరులో రాళ్ళ పనికి పోయాడు. పెండ్లాం గుర్తొచ్చి ఆకాశం వైపు చూసి రాగం తీశాడు. "ఓ మేగమా, మా తిప్పక్కకు నా జాబు తీసుకుపోతావా?" అని, వెంటనే ఆగి, "థూ, ఈ కరువులో మేగం దొరికితే జాబు యాల ఇస్తాను? తాడేసి లాక్కోనిపోయి మా సేన్లో కట్టేసుకోనా?" అన్నాడు. ఆ తర్వాత రాజులు హంసతో కబురు పంపినట్టు తను కోడితో పంపాడు. తిప్పక్క దగ్గర్నుంచి బదులొచ్చింది: "జాబు అందినాది. కూర బాగుండాది."

మూడు భాషలవాళ్ళూ నవ్వారు. వెనక ఒక రైల్వే ఉద్యోగి, చదువుకున్నవాడు, అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. కావ్యం తెలిసినవాడికి రెండు నవ్వులు, తెలియనివాడికి ఒకటి. ఒక్కటీ దక్కని మనిషి ఉండకూడదు. ఆ ఊరి నుంచి నేను నేర్చుకున్న లెక్క ఇది.

పెట్టెకు బేరం

ఎనభైల నడుమకు ఆటలు తగ్గిపోయాయి. ఊరూరా టెంటు సినిమాలు వచ్చాయి, పంచాయతీ ఆఫీసుల్లో టీవీలు వచ్చాయి. బెంగళూరు నుంచి ఒక వ్యాపారి హనుమంతప్ప ఇంటికి రావడం మొదలుపెట్టాడు. తోలుబొమ్మల్ని ముక్కలుగా కోసి, గుండ్రంగా కుట్టి, దీపాల మీద షేడ్లుగా అమ్ముతాడట. లోపల బల్బు వెలిగితే రంగులు బాగా కనిపిస్తాయి కదా. పెట్టె మొత్తం అడిగాడు.

"ఉగాదికి రమ్మన్నాను సారూ" అన్నాడు హనుమంతప్ప నాతో. "ఆడించేదానికి ఊరు లేకపోతే ఇంట్లో పెట్టుకోని ఏం సేసేది? ఎలకలు తింటాండాయి." రంగమ్మ ఆ మాటకు లేచి లోపలికి పోయింది.

అప్పుడే టెలివిజన్ కేంద్రం నుంచి వసుధ గారు అనే ప్రొడ్యూసరు వచ్చింది. తోలుబొమ్మల్ని గాజుపలక మీద పెట్టి, కింద లైటు వేసి, పైన కెమెరా బిగించి, బొమ్మను గింజంత గింజంత జరుపుతూ ఒక్కొక్క ఫొటోగా తీస్తుందట. వరసగా వేస్తే బొమ్మ తనే నడిచినట్టు ఉంటుంది, కర్ర కనబడదు. పన్నెండు నిమిషాల హాస్యం ముందు ఒకటి. బాగుందనిపిస్తే అలాంటివి పదమూడు. ఆమెకు మా బుడ్డన్న సంగతి ఎవరో చెప్పారు.

హనుమంతప్ప వ్యాపారికి ఉగాది దాటాక రమ్మని కబురు పెట్టాడు. "ఇది సూస్తాము. ఇది పోతే పెట్టె పోతాది" అన్నాడు. ఆ పన్నెండు నిమిషాల మీద ఏం ఆధారపడి ఉందో మా అందరికీ తెలుసు.

ఆరు సెకన్లు

వేసవి సెలవుల్లో మదనపల్లెలో ఒక మిషన్ బడి హాలు ఇచ్చారు. కిటికీలకు చాపలు కట్టి ముందు గొంతులు రికార్డు చేశాం. మొదటి రోజే చిక్కు వచ్చింది. రంగమ్మ మూడు పాదాలు చెప్పి, మేకను పలికి, ఆగిపోయింది. ఎవరూ దిద్దలేదు. ఎదురుగా మైకు తప్ప ఏముంది? ఆమెకు తర్వాతి మాట రాలేదు. ముప్పై ఏళ్ళుగా చెప్తున్న మాట అది.

చివరికి మస్తాన్ సాబ్‌ను ఎదురుగా కూర్చోబెట్టాం. అతను "మేక కాదురా, పెండ్లాం!" అని అరిచాక గానీ ఆమె గొంతు కదల్లేదు. "ఔనా? పెండ్లాన్ని గూడా పెట్టినానా? ఇంట్లో సెప్పొద్దండప్పా!" అన్నాడు బుడ్డన్న.

వసుధ గారికి మస్తాన్ సాబ్ అరుపు నచ్చింది. "దాన్నే ఉంచేద్దాం. నవ్వులు కూడా కలుపుదాం. ఇది ఏ కథలోదో మొదట ఒక మాట చెప్పిద్దాం" అంది. నేను తల ఊపాను. ఆ పరిచయ వాక్యాలు ఆ సాయంత్రమే రాశాను కూడా. కుప్పంలో వేరుసెనక్కాయల బండి చూసినవాణ్ణి, అయినా రాశాను.

రంగమ్మ ఒప్పుకోలేదు. "అరుపు తీసేయండమ్మా. ఆ జాగా అట్లే వదిలేయండి."

"వదిలితే ఆరు సెకన్లు నిశ్శబ్దం అవుతుంది. టీవీలో ఆరు సెకన్లంటే ఎంతో తెలుసా? సెట్టు పాడైందనుకుంటారు. చూసేవాళ్ళ మాట టీవీకి వినబడదు కదమ్మా?"

"టీవీకి యాల వినబడల్ల? పక్కనోళ్ళకు వినబడితే సాలదా?"

వసుధ గారు చెడ్డది కాదు. ఆమెకూ పై అధికారులున్నారు. ఆరు సెకన్ల ఖాళీ చూస్తే ముందు ఆమెనే పిలుస్తారు. "ఇది ఎవరి నిర్ణయమని అడిగితే నేనేం చెప్పాలి?" అని నా వైపు తిరిగింది.

నేను రాసిన పరిచయ వాక్యాలు చేతిలోనే ఉన్నాయి. మడిచి జేబులో పెట్టుకున్నాను. "నాదని చెప్పండి. స్క్రిప్టులో అట్లాగే ఉందని కాగితం మీద సంతకం పెట్టి ఇస్తాను" అన్నాను. రంగమ్మ తలెత్తి నన్ను చూసింది. నాకు ఒళ్ళు తేలికైంది.

ఆ ఆరు సెకన్లూ తెర మీద ఏం జరగాలి? హనుమంతప్ప ఇంట బొమ్మలన్నీ పక్కచూపువే, ఒక చెంప, ఒక కన్ను. బుడ్డన్న జనం వైపు తిరగలేడు. హనుమంతప్ప మూడు రోజులు కనబడలేదు. నాలుగో రోజు మేకతోలు మీద కొత్తగా కోసిన తల ఒకటి తెచ్చాడు. రెండు కళ్ళూ, రెండు చెవులూ, ఎదురుగా చూసే బుడ్డన్న. వాళ్ళ నాయన ఇలాంటిది కొయ్యనిచ్చేవాడు కాదట. పెట్టె అమ్మేద్దామనుకున్న మనిషి కొత్త తల ఎందుకు కోశాడని నాకు ఆశ పుట్టింది.

బల్బు వేడికి తోలు వంకర తిరిగేది. ఫొటోకూ ఫొటోకూ మధ్య దాని మీద తడిగుడ్డ కప్పేవాళ్ళం. కరెంటు పోతే బొమ్మ ఎక్కడుందో సుద్దతో గుర్తు పెట్టేవాళ్ళం. హనుమంతప్పకు మాట లేకుండా బొమ్మ కదిలించడం చేతకాదు. గింజంత జరిపిన ప్రతిసారీ ఆ పాదం మళ్ళీ పాడేవాడు. బుడ్డన్న తల గోక్కుని ఎదురుగా చూసే ఆరు సెకన్లకు ఒక పగలంతా పట్టింది.

పంచాయతీ ఆఫీసులో

ప్రసారం రోజు సాయంత్రం పుంగనూరు పక్క పల్లెలో పంచాయతీ ఆఫీసు కిటకిటలాడింది. మస్తాన్ సాబ్ మిద్దె మీద యాంటెన్నా పట్టుకుని నిలబడ్డాడు. "వచ్చిందా? వచ్చిందా?" అని అతను, "వచ్చె, వచ్చె, కదలొద్దు సాయిబూ!" అని కింద వీళ్ళు. హనుమంతప్ప, రంగమ్మ జనం మధ్యలో చాప మీద కూర్చున్నారు. వాళ్ళ పక్కన నేను.

బుడ్డన్న వచ్చాడు. కర్ర లేదు, చెయ్యి లేదు, తనే నడిచి వచ్చాడు. జనం నోట మాట లేదు. టీవీ అంటే వాళ్ళకు కాస్త భయభక్తులు, అందులో ఉన్నవాళ్ళతో మాట్లాడకూడదనుకుంటారు. ఏనుగులు పోయాయి. గుర్రాలు పోయాయి. తమ్ముళ్ళు పోయారు. "మా ఇంటి మేకా పాయెనే" అన్నాడు బుడ్డన్న. తల గోక్కున్నాడు. అందరి వైపూ తిరిగి రెండు కళ్ళతో చూశాడు.

ఒక సెకను. రెండు. ఎవరూ పలకలేదు. హనుమంతప్ప పెదాలు బిగించుకుని ఉన్నాడు. ఆట వాళ్ళు దిద్దకూడదు కదా. రంగమ్మ కళ్ళు మూసుకుంది. మూడు.

"మేక కాదురా, పెండ్లాం!" అని వెనక నుంచి ఒక ఆడగొంతు. ఆ వెంటనే గది గదంతా, గుమ్మం బయట నిలబడ్డవాళ్ళూ, కిటికీ చువ్వలు పట్టుకున్నవాళ్ళూ ఒక్కసారిగా, "పెండ్లాం! పెండ్లాం!"

"ఔనా? పెండ్లాన్ని గూడా పెట్టినానా?" అన్నాడు టీవీలో బుడ్డన్న, సరిగ్గా అప్పుడే. నవ్వుకు మిద్దె అదిరింది. బుడ్డన్నకు మా మాట వినబడిందని ఒక ముసలాయన ఒట్టు వేసి చెప్పాడు.

నేను హనుమంతప్ప వైపు తిరిగాను. అతను నవ్వడం లేదు. నోరు తెరుచుకుని, చిన్నపిల్లవాడిలా టీవీ వంక చూస్తున్నాడు. కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. బొమ్మలయ్యాక కూడా లేవలేదు. నేను భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడ్డాడు.

"ఏమైంది హనుమంతప్పా?"

"పుట్టినకాడినుంచీ తెర యెనకనే ఉండాను సారూ" అన్నాడు. "మా ఆట ఇట్లుంటాదని నాకు తెలీదు. ఇదే మొదులు సూసేది."

రంగమ్మ చెంగుతో అతని మొహం తుడిచింది. తుడుస్తూ, "బెంగళూరాయనకు జాబు రాసి పెట్టండి సారూ" అంది నాతో. "రావద్దని."